అవ్వ దాచిన గంట

నా చిన్నప్పుడు మా ఇంట్లో రెండు టైములు ఉండేవి. ఒకటి సర్కారుది, ఒకటి మా అవ్వది. అవి యుద్ధం రోజులు. ఎక్కడో సముద్రాల అవతల జరిగే యుద్ధానికీ, బెంగళూరు బళేపేట వెనక సందులో మగ్గం నేసుకునే మాకూ ఏం సంబంధమో నాకు తెలియదు కానీ, ఒకరోజు గడియారాలన్నీ ఒక గంట ముందుకు తిప్పుకోవాలని హుకుం వచ్చింది. మా నాయన స్టూలు ఎక్కి గోడ గడియారం తలుపు తెరిచాడు. అవ్వ, అంటే మా నాయన తల్లి, రాట్నం ముందు నుంచి లేవకుండానే ఆయన్ను ఆపేసింది.

"దాన్ని ముట్టొద్దప్పా. దేవుని దీపం పెట్టే పొద్దు నాకు తెలుసు. సర్కారోళ్ళు వచ్చి చెప్పేది ఏముండాది దాంట్లో?"

నాయన గడియారం తలుపు మూసి కిందికి దిగాడు. మగ్గం దగ్గర ఆయన మాట చెల్లేది, మిగతా ఇల్లంతా అవ్వదే. అలా బడి, ఆఫీసులు, రైళ్ళు కొత్త టైములోకి వెళ్ళిపోయాయి, మా ఇల్లు మాత్రం పాత టైములోనే ఉండిపోయింది. మేమొక్కళ్ళమే కాదు, పేటలో చాలా ఇళ్ళలో ఇదే తంతు. ఎవరైనా ఏదైనా వేళ చెబితే "పాత టైమా, కొత్త టైమా?" అని అడిగి, వేళ్ళ మీద ఒకటి కలుపుకోవడమో తీసేసుకోవడమో అందరికీ అలవాటైపోయింది.

ఇందులో తమాషా ఏమిటంటే, అవ్వకు గడియారం చూడటం రాదు. మా ఇంటి నడుమ ఆకాశం కనబడే తొట్టి ఉండేది. అందులోకి దిగిన ఎండ గోడ మీది నుంచి మెట్టు మీదికి, మెట్టు మీది నుంచి రోలు మీదికి జరుగుతూ పోయేది. ఎండ రోలు దాటే వేళకు గడియారం పది కొట్టాలి. కొడితే గడియారం సరిగ్గా నడుస్తున్నట్టు. కొట్టకపోతే తప్పు గడియారానిదే కానీ ఎండది కాదు.

నాకప్పుడు పన్నెండేళ్ళు. నన్ను పట్టి పీడించిన ప్రశ్న వేరు. తిప్పేసిన ఆ గంట ఏమైంది? రాత్రి పడుకునేటప్పుడు ఉన్న గంట తెల్లారేసరికి లేదంటే ఎక్కడికో పోయి ఉండాలి కదా. నాయనను అడిగితే "సర్కారు తీసుకునింది" అన్నాడు, నూలు తీసుకుంది, కిరసనాయిలు తీసుకుంది అన్నట్టే. అమ్మకు కొళాయి దగ్గర వరస తప్పిపోతుందన్న తొందరలో నా ప్రశ్న వినబడనేలేదు. బడిలో టీచరమ్మను అడిగితే నవ్వి, యుద్ధం అయిపోయాక తిరిగి ఇస్తారులే అంది. ఈ జవాబు నాకు బాగా నచ్చింది. తిరిగి ఇస్తారంటే ఎక్కడో దాచారన్నమాట. ఎక్కడ దాచి ఉంటారు? అందరికీ కలిపి ఒక్క గంటేనా, ఇంటికొక గంటా? చివరికి అవ్వను అడిగాను. "సుమ్మనే తల చెడుపుకోవద్దు. పొద్దు యాడికీ పోలేదు, ఆడే ఉండాది చూడు" అని తొట్టిలోని ఎండను చూపించి మళ్ళీ రాట్నం తిప్పుకోసాగింది.

ఆ ఏడు నేను మిడిల్ స్కూలు ఆఖరి తరగతిలో ఉన్నాను. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. రెండు భాషల్లోనూ నాకు రానివి లెక్కలే. దసరా సెలవుల ముందు టీచరమ్మ, అందరూ టైంటేబుల్ వేసుకుని చదవండి అని చెప్పింది. ఆ మాటలోనే ఏదో మహిమ ఉందనిపించింది నాకు. కాగితం దొరకని రోజులు కనుక ఒక పెళ్ళి శుభలేఖ వెనక వైపు గళ్ళు గీశాను. ఒక కొస ఎర్రగా, ఒక కొస నీలంగా ఉండే పెన్సిలు అడిగి తెచ్చుకుని, బడి గోడ మీదున్న టైంటేబుల్‌ను ఉన్నదున్నట్టు దించాను. ప్రతి పాఠానికీ సమానంగా ఒక్కో గంట. బడిలో ఉంది కదా అని డ్రిల్లుకు కూడా అరగంట రాశాను. ఇంట్లో మగ్గం పక్కన నిలబడి డ్రిల్లు ఎలా చేస్తానో, ఎందుకు చేస్తానో ఆలోచించలేదు.

మన ఆరంభశూరత్వం లోకానికి తెలిసిందే. మొదటి రోజు తెల్లవారకముందే లేచాను. రెండో రోజు లెక్కల గంట అయిపోయింది, చెయ్యాల్సిన లెక్కల్లో సగం కూడా కాలేదు. మిగిలిన సగం భూగోళం గంటలో దూరింది, భూగోళం చరిత్రలో దూరింది, చరిత్ర అన్నం తినే వేళలో దూరింది. మూడో రోజుకు ఇంక ఏదీ ఎందులోనూ దూరలేదు. టైంటేబుల్‌లో తప్పుందనుకుని ఇంకో శుభలేఖ వెతికి మళ్ళీ రాశాను. ఆ సెలవుల్లో అలా నాలుగు సార్లు రాశాను. రాస్తున్నంత సేపూ చదువుతున్నట్టే ఉండేది, అదే దానిలో ఉన్న మోసం.

ఆ తరువాత అర్ధ సంవత్సరం పరీక్షలు వచ్చాయి. లెక్కల పరీక్ష రోజు మాత్రం టైంటేబుల్‌ను అక్షరం తప్పకుండా పాటించాలని పట్టుబట్టాను. మామూలు రోజుల్లో నేను గడియారం చూసి బడికి వెళ్ళేదాన్ని కాదు. సందులో పిల్లల అడుగుల చప్పుడు వినబడితే సంచి తగిలించుకుని పరుగెత్తడమే. ఆ రోజు ఎవరి గోలా వద్దని అటక మీదికెక్కి పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. పదికి బయలుదేరాలని ఎర్ర పెన్సిలుతో రాసుకున్నాను, పదిన్నరకు పరీక్ష. కింద గడియారం పది కొట్టింది. పుస్తకం మూసి, ఎంతో తృప్తిగా, మెల్లగా నడుచుకుంటూ బడికి వెళ్ళాను. ఎండ రోలు దాటింది కూడా, చూశాను.

బడి ఆవరణలో పిట్ట కూడా లేదు. అప్పటికి కొత్త టైము పదకొండుంపావు. గంటన్నర పరీక్షలో సగం అయిపోయింది. టైంటేబుల్ బడి టైములో రాసుకుని ఇంటి టైములో పాటించానని అప్పుడు తెలిసింది. వేళ్ళ మీద ఒకటి కలుపుకోవడం ఊరందరికీ వచ్చు, నేనొక్కదాన్నే మరిచిపోయాను. జీవితంలో టైంటేబుల్ ప్రకారం నడిచిన మొదటి రోజు అదే. మిగిలిన సమయంలో మూడు లెక్కలు చేశాను, అందులో ఒకటి తప్పు.

మార్కులు చూసి మా నాయన కేకలు వెయ్యలేదు. ఆయన కేకలు వేసే మనిషి కాదు, అందుకే ఆయన మాటంటే భయం. భోజనం దగ్గర నిదానంగా అన్నాడు, "ఏడాది పరీక్షలో లెక్కలు పోతే బడి చాలించల్ల. అవ్వకు చెయ్యి పడిపోతా ఉండాది. రాట్నం నువ్వు పట్టుకోవల్ల." అందులో కోపం లేదు, అన్యాయమూ లేదు. పట్టునూలు దొరకడమే గగనమైన రోజులు. దొరికినప్పుడు దాన్ని రాట్నం మీద చిన్న కండెలుగా చుట్టి, మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టి, గబగబా నేసి దింపాలి. అవ్వ మణికట్టు వాచి ఉండేది. ఆ రాట్నం ముందు తరువాత కూర్చోవాల్సింది నేనేనని అందరికీ తెలుసు. నాకూ తెలుసు. అయినా ఆ మాట విన్నాక కంచం ముందు నుంచి లేచిపోయాను. పై తరగతిలో నక్షత్రాల పాఠం ఉందని విన్నాను. అది చదవకుండానే బడి అయిపోతుందేమోనని నా ఏడుపు.

గడియారం తిప్పనివ్వనిది అవ్వే కదా. ఆ సంగతి నేను ఎవరితోనూ అనలేదు, ఆమె మాత్రం మనసులో పెట్టుకుంది.

మరునాడు పొద్దున్నే నన్ను పిలిచింది. "నాకు లెక్క మతి ఉండేది లేదు ఈ మధ్య. ఎన్ని కండెలు చుడితినో మరిచిపోతా ఉండాను. నువ్వు ఎట్లాగూ చదువుకుంటావు కదా, ఈడ కూర్చోని చదువు. ఒక పాఠం అయ్యే లోపల నేను ఎన్ని చుడితినో పలక మీద గీతలు పెట్టు."

నాకు ఒళ్ళు మండింది. చదువుకు ఎసరు వచ్చిన సమయంలో నా మీద ఇంకో పని పెడుతోందని గొణుక్కున్నాను. పెద్దావిడ మాట కదా అని సరేనన్నాను. టైంటేబుల్ ఎక్కడ అని అడిగితే చూపించాను. దాన్ని అటూ ఇటూ తిప్పి, బొమ్మలు బాగుండాయని చెప్పి, వక్కాకు సంచిలో దోపేసుకుంది.

అలా ఎనిమిది రోజులు గడిచాయి. రాట్నం కిర్రుమంటూ ఉండేది, నేను గట్టిగా చదివేదాన్ని. కండె నిండగానే అవ్వ దాన్ని బుట్టలో పడేసేది, నేను పాఠం పేరు పక్కన గీత పెట్టేదాన్ని. కన్నడం ఆమెకు బాగా వచ్చు కనుక చరిత్ర, భూగోళం చెవులు రిక్కించుకుని వినేది. మధ్యలో ప్రశ్నలు వేసేది. ఆ రాజు చచ్చిపోయినాక ఆయన చెల్లెలు ఏమాయెను? ఆ ఏరు ఈ పక్కకే ఏల తిరిగింది, ఆ పక్కకు తిరిగితే ఏమి? పుస్తకంలో లేని ప్రశ్నలు. జవాబు వెతకడానికి పాఠాన్ని మళ్ళీ తిరగేయాల్సి వచ్చేది, అది గుర్తుండిపోయేది. లెక్కలు చేసేటప్పుడు మాత్రం ఏమీ అడిగేది కాదు. నా పెదవులు కదలడం ఆగిపోతే ఒకసారి నా వంక చూసి మళ్ళీ నూలు వంక చూసుకునేది.

తొమ్మిదో రోజు పలక తెమ్మంది. ఎన్ని కండెలు చుట్టిందో కూడి చెబుదామని పెన్సిలు పట్టుకున్నాను.

"అన్నీ కూడొద్దు. ఏది ఎన్ని తినిందో చెప్పు చాలు."

చదివాను. పద్యం ఒక కండె. చరిత్ర రెండు. భూగోళం రెండు, ఒక్కోసారి మూడు. భిన్నాల లెక్కలు ఏడు. నేనే నమ్మలేక గీతలను మళ్ళీ లెక్కపెట్టాను. ఒక కండె చుట్టడానికి పట్టే సేపు ఎనిమిది నిమిషాలు అనుకోవచ్చు. నా ఎర్ర నీలం టైంటేబుల్‌లో పద్యానికీ గంటే, భిన్నాలకూ గంటే. ఎనిమిది నిమిషాల పద్యానికి గంట ఇచ్చి దిక్కులు చూశాను, గంటలో తెమలని లెక్కలకూ అదే గంట ఇచ్చి చేతకానిదాన్నని ఏడ్చాను.

అవ్వ ఇంకో మాట అడిగింది. వెలుతురు ఉన్నంత సేపట్లో నీకు మొత్తం ఎన్ని కండెల పొద్దు దొరుకుతోంది? కిరసనాయిలు రేషను, దీపం పెట్టి చదివే మాట లేదు. నీళ్ళు మోసి, పూలు కోసి, బడికి వెళ్ళే లోపు పది. సాయంత్రం వచ్చాక చీకటి పడే లోపు ఆరు. మొత్తం పదహారు. నా టైంటేబుల్ తీయించి చూస్తే అందులో నలభైకి పైగా కండెల పని ఉంది. "పదహారు కండెల నూలు పెట్టుకోని నలభై కండెల చీర నేస్తానంటే ఎట్లప్పా?" అంది అవ్వ. తిట్టలేదు, నిజంగానే అర్థంకానట్టు అడిగింది. ఆమెకు లెక్క మతి పోయిందన్నది అబద్ధమని నాకు అప్పుడు వెలిగింది. ఆ వయసులోనూ బుట్టలో ఎన్ని కండెలున్నాయో చూడకుండా చెప్పగలిగేది.

ఆ రోజు ఇద్దరం కలిసి కొత్తది వేశాం. అందులో గంటలు లేవు, కండెలే. పొద్దున ఏడు కండెలు లెక్కలకు, ఎందుకంటే చిక్కుపడిన నూలును పొద్దుటి వెలుతురులోనే విప్పుతారు, సాయంత్రం ముట్టుకోరు. మిగిలిన మూడు భూగోళానికి. సాయంత్రం చరిత్రకు రెండు, పద్యానికి ఒకటి, చిక్కులేని తేలిక లెక్కలకు ఒకటి, చివర రెండు కండెలు ఖాళీ. ఖాళీ ఎందుకని అడిగితే, నూలు తెగదని నీకు ఎవురు చెప్పిరి అంది. డ్రిల్లు పోయింది.

ఇంత చేసినా ఒక చిక్కు మిగిలింది. పొద్దున్నే కూర్చోగానే ఎక్కడ మొదలుపెట్టాలో తోచేది కాదు. పేజీలు తిప్పడం, పలక తుడవడం, జడ సరిచేసుకోవడం. అవ్వ రెండు మూడు రోజులు ఊరుకుని ఒకరోజు, "దినామూ మొదటి కండె ఊరికే పోతా ఉండాది" అంది. దానికి మందు చెప్పలేదు. నాలుగు రోజుల తరువాత మగ్గం మీద చీర దిగి, కొత్త పడుగు ఎక్కే రోజు నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

పడుగు ఎక్కించడం నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. అయిన చీరను కోసేటప్పుడు పడుగు దారాలను మొత్తంగా లాగెయ్యరు. కొసలు మగ్గంలోనే వదిలేస్తారు. ఆ పాత కొసలకు కొత్త పడుగు దారాలను ఒక్కొక్కటే, బూడిద అద్దుకున్న వేళ్ళతో మెలిపెట్టి అతుకుతారు. వందల దారాలు. అమ్మ, అవ్వ పొద్దంతా అదే పని మీద ఉండేవాళ్ళు. ఆ రోజు నా చేతికీ కొన్ని దారాలు ఇచ్చి, కొస వదలకుండా మొత్తం లాగేసి ఉంటే ఇప్పుడేం చేసేవాళ్ళమని అడిగింది. మొదటినుంచీ ఒక్కో దారాన్ని మళ్ళీ మగ్గంలోకి దూర్చుకోవాలి, రోజులు పడుతుందన్నాను. "అయితే నువ్వేల దినామూ కొస లేకుండా కోసేస్తావు?" అంది.

అవ్వ చెప్పింది ఇంతే. సాయంత్రం పుస్తకం మూసేటప్పుడు ఆఖరి లెక్కను సగంలో వదిలెయ్యి. రేపు పొద్దున దానికే అతుకు. నాకు భయం వేసింది. పని సగంలో వదలకూడదని బడిలో రోజూ చెప్పేవాళ్ళు. అయినా వదిలి చూశాను. ఆ రాత్రి ఆ సగం లెక్క కలలోకి కూడా వచ్చినట్టుంది. తెల్లారి కూర్చోగానే చెయ్యి దానంతటదే పలక మీదికి పోయింది. మొదటి కండె వృథా కాలేదు.

అంతా ఇలా నున్నగా సాగిపోయిందంటే నేను కోతలు కోస్తున్నట్టే. ఏడాది పరీక్షలు పది రోజులున్నాయనగా ఒకేసారి నూలు వచ్చిపడింది. పెళ్ళిళ్ళ రోజులు, చీర వెంటనే దింపాలి. నాయన నన్ను కూడా రాట్నం పట్టమన్నాడు. రెండు రోజులు పట్టాను, పుస్తకం తెరవలేదు. మూడో రోజు చూస్తే నా బుట్ట అప్పటికే నిండి ఉంది. అవ్వను అడిగితే, నిన్న నువ్వు చుట్టినవే, మరిచిపోతివి అంది. నాలుగో రోజూ అంతే. ఆమె మణికట్టుకు పసుపు రాసి గుడ్డ కట్టి ఉంది, ఆ గుడ్డ మీద నూలు పీచు అంటుకుని ఉంది. నా వాటా ఆమె చుడుతోందని తెలిసిపోయింది. నేను బడి మానేస్తే బాగుపడేది ఆ చెయ్యే. ఆ చెయ్యే నన్ను బడికి తోస్తోంది. నాకు ఏడుపు వచ్చింది. ఏడిస్తే కండె వృథా అవుతుందని భిన్నాల పుస్తకం తెరిచాను.

లెక్కల పరీక్ష రోజు వచ్చింది. ఈసారి అటక ఎక్కలేదు, తొట్టి మెట్టు మీదే కూర్చున్నాను. ఎండ ఇంకా గోడ దిగలేదు, చాలా సేపుందని నిదానంగా చూసుకుంటున్నాను. ఇంతలో గడియారం తొమ్మిది కొట్టడం మొదలుపెట్టింది. ఎండ చూస్తే ఎనిమిది కూడా దాటినట్టు లేదు. గడియారం చెడిపోయిందా, ఎండ చెడిపోయిందా? గబగబా లోపలికి వెళ్ళి చూశాను. గడియారం కింద స్టూలు ఇంకా తీయలేదు. నాయన మగ్గం గుంటలో తల వంచుకుని ఉన్నాడు. అవ్వ దేవుడి ముందు దీపం వెలిగిస్తోంది, తన పొద్దు కంటే ఒక గంట ముందు.

ఆమే చెప్పింది. "ఈ పొద్దొకటే. నువ్వు వచ్చినాక సాయంత్రం మళ్ళీ తిప్పేయమని చెప్పిండాను. దేవుడు ఏమీ అనుకోడు, నేనే అడిగితిని."

నేను వేళకు ముందే బడికి చేరాను. లెక్కల్లో పాసయ్యాను. గొప్ప మార్కులేమీ కావు, గట్టెక్కే మార్కులకు పైన ఇంకో నాలుగు. నాయన మార్కుల కాగితం రెండుసార్లు చూసి, మడిచి, దేవుడి పటం వెనక పెట్టాడు. రాట్నం మాట మళ్ళీ ఎత్తలేదు. అవ్వ ఇంకా కొన్నేళ్ళు ఆ వాచిన చేత్తోనే కండెలు చుట్టింది. సెలవుల్లో ఆమె పక్కన కూర్చుని నేనూ చుట్టేదాన్ని, నక్షత్రాల పాఠం చదివి వినిపించేదాన్ని. ఒక్కో నక్షత్రం వెలుతురు మనదాకా రావడానికి ఏళ్ళు పడుతుందంటే, ఎన్ని కండెలో లెక్క కట్టమంది.

యుద్ధం అయ్యాక సర్కారు గడియారాలను వెనక్కి తిప్పింది. ఊరంతా తమ తమ స్టూళ్ళు ఎక్కి ముళ్ళు సరిచేసుకుంటుంటే మా గడియారం ఒక్కటే ఏమీ ఎరగనట్టు టిక్కుటిక్కుమంటూ ఉండిపోయింది. అవ్వ ఆ రోజంతా నవ్వుతూనే ఉంది. "చూస్తివా, తిరిగి తిరిగి వాళ్ళే నా దారికి వచ్చిరి" అని సందులో కనబడిన వాళ్ళందరికీ చెప్పింది.

తరువాత నేను లెక్కల టీచరునే అయ్యానంటే మా అమ్మే చాలా కాలం నమ్మలేదు. టైంటేబుల్ వేసిమ్మని పిల్లలు అడిగితే ముందు ఎనిమిది రోజులు ఊరికే గీతలు పెట్టుకు రమ్మనేదాన్ని. ఏ పాఠం నీ దగ్గర ఎంత తింటుందో నీకే తెలియాలి, పక్కవాడి కండె నీకు పనికిరాదు అనేదాన్ని. ఇప్పుడు నాకు తొంభై దాటాయి. అయినా పడుకునే ముందు ఏదో ఒకటి సగంలో వదులుతాను, ఉత్తరంలో ఆఖరి వాక్యమో, పత్రికలో గళ్ళ నుడికట్టులో ఒక గడో. పొద్దున లేచి అతుక్కోవడానికి కొస ఉండాలి కదా.

ఆ పోయిన గంటను ఎక్కడ దాచారని చిన్నప్పుడు అందర్నీ అడిగాను. సర్కారు తీసుకుందన్నారు, తిరిగి ఇస్తారన్నారు. అది ఎక్కడికీ పోలేదు. మా ఇంటి గోడ మీదే ఉంది, అవ్వ దాన్ని ఎవర్నీ ముట్టనివ్వకుండా కాపాడుకుంది. దేవుడికి తప్ప ఎవరికీ ఇవ్వనని దాచుకున్న ఆ గంటను ఒక పొద్దు తీసి నా చేతిలో పెట్టింది. ఇన్నేళ్ళలో నేను ఎన్నో గంటలు పోగొట్టుకున్నాను. అది మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది.